బీజగణితాన్ని డిగ్రీలో మళ్ళీ మొదలుపెట్టేవారు ఎలా చదవాలి

ఇంటర్మీడియట్‌లో సీఈసీ, హెచ్‌ఈసీ, బైపీసీ వంటి గ్రూపులు తీసుకుని, పదో తరగతితోనే లెక్కల పుస్తకాన్ని అటకెక్కించినవారికి డిగ్రీలో అది మళ్ళీ కిందికి దిగి వస్తుంది. బీకాం, బీబీఏ చదివేవారికి బిజినెస్ మ్యాథమెటిక్స్ రూపంలోనో, ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం ఐసెట్ రాసేవారికి గణిత విభాగం రూపంలోనో, అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరిన మనవాళ్ళకు ఇంట్రడక్టరీ ఆల్జీబ్రా అనే కోర్సు రూపంలోనో ఎదురయ్యే విషయం దాదాపు ఒకటే: రుణ సంఖ్యలు, భిన్నాలు, ఏకఘాత సమీకరణాలు, బహుపదులు, కారణాంకాలు, సరళరేఖల గ్రాఫులు, వర్గ సమీకరణాలు. సూత్రాలను లెక్కపెడితే ఇది చిన్న సిలబస్సే. అయినా ఇక్కడ తడబడేవారు ఎక్కువ. ఆ తడబాటుకు కారణం సూత్రాలు మరచిపోవడం కాదని నా అభిప్రాయం. బడిలో మనలో చాలామంది "అటు తీసుకెళితే గుర్తు మారుతుంది" అనే సగం వాక్యాన్ని కంఠస్థం చేసి, ఎందుకు మారుతుందనే మిగతా సగాన్ని అక్కడే వదిలేసి వచ్చాం. ఆ మిగతా సగాన్ని ఎలా సంపాదించుకోవాలో ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతాను.

రోజుకు గంట చొప్పున, వారానికి ఆరు రోజులు కూర్చోగలిగితే మూడు నెలల్లో ఈ సిలబస్సును నిదానంగా పూర్తి చేయవచ్చు. ఆదివారం ఒక్క రోజే ఆరు గంటలు కూర్చుని, మిగతా వారమంతా పుస్తకం ముట్టకపోతే గంటల లెక్క సరిపోతుంది గాని చదువు నిలవదు.

మొదలుపెట్టే ముందు అక్షరాల సంగతి ఒకటి చెప్పాలి. మీ పుస్తకంలో తెలియని రాశికి ఎక్స్, వై అనే అక్షరాలు వాడతారు. ఇక్కడ నేను వాటి బదులు య, క అని రాస్తాను. ఇది నా సొంత కల్పనేమీ కాదు. మన ప్రాచీన గణితజ్ఞులు తెలియని మొదటి రాశిని "యావత్తావత్" అనీ, రెండోదాన్ని "కాలక" అనీ, మూడోదాన్ని "నీలక" అనీ పిలిచి, ఆ పేర్ల మొదటి అక్షరాలనే సంకేతాలుగా వాడారు. ఎక్స్ ఉన్నంతసేపు చకచకా చేసి, అదే లెక్కలో పీ అనో టీ అనో కనిపించగానే ఆగిపోయే విద్యార్థులు ఉంటారు కాబట్టి, అక్షరం మారినా లెక్క మారదన్న సంగతి మొదటి రోజే అలవాటు కావడం మంచిది.

మొదటి మెట్టు: ఎక్కడ నిలబడి ఉన్నారో చూసుకోండి

కాలిక్యులేటర్ పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద ఈ ఐదింటిని చేయండి: (−3)² ఎంత, −3² ఎంత, 7 − 2(5 − 8) ఎంత, 2/3 + 1/4 ఎంత, 3/4ను 6తో భాగిస్తే ఎంత. జవాబులు వరుసగా 9, −9, 13, 11/12, 1/8. మొదటి రెండింటికీ ఒకే జవాబు రాసి ఉంటే ఘాతం దేనికి వర్తిస్తుందో మీకు స్పష్టంగా లేదని అర్థం. కుండలీకరణం లేనప్పుడు వర్గం 3కి మాత్రమే చెందుతుంది, ముందున్న రుణ గుర్తు ఆ తరువాతే వచ్చి చేరుతుంది. మూడోదానిలో 13కి బదులు 1 వచ్చి ఉంటే రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణించే చోట జారారన్నమాట. నాలుగోదానికి 3/7 రాసినవారు లవానికి లవం, హారానికి హారం కూడారు.

తప్పులు వచ్చినందుకు సిగ్గుపడనక్కరలేదు గాని, వాటిని దాటవేసి నేరుగా వర్గ సమీకరణాలకు వెళ్ళడం మాత్రం తగదు. సమీకరణంలో తప్పు చేశామని మనం అనుకునే సందర్భాలలో చాలాసార్లు జరిగేది భిన్నంలోనో, గుర్తులోనో జరిగిన తప్పే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గణిత పుస్తకాలను వెతికి తీసి, పూర్ణసంఖ్యలు, అకరణీయ సంఖ్యలు, ఘాతాంకాలు అనే అధ్యాయాలను రెండు వారాల్లో తిరగేయండి. ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో అచ్చయిన ప్రభుత్వ ద్విభాషా పాఠ్యపుస్తకాలు దొరికితే మరీ మంచిది. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషు మాధ్యమం డిగ్రీలో చేరినవారికి చరరాశి, గుణకం, సజాతి పదాలు, కారణాంకం వంటి మాటలకు ఇంగ్లీషులో ఏమంటారో పక్క పేజీలోనే కనిపిస్తుంది. డిగ్రీ విద్యార్థి ఏడో తరగతి పుస్తకం పట్టుకుంటే ఎవరైనా నవ్వుతారేమోనని అట్ట వేసుకున్న వారిని నేనెరుగుదును. అట్ట వేసుకోండి, చదవడం మాత్రం మానకండి.

రుణ సంఖ్యల విషయంలో ఒక్క మాట. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో వీటి నియమాలు చెబుతూ ధనం, ఋణం అనే మాటలనే వాడాడు. ఉన్న సొమ్ము ధనం, తీర్చవలసింది ఋణం. ఒక్కొక్కటి మూడు రూపాయలైన మీ అప్పులు రెండింటిని ఎవరైనా కొట్టివేస్తే మీ పరిస్థితి ఆరు రూపాయలు మెరుగుపడుతుంది; (−2) × (−3) = 6 అనడంలోని భావం అదే. ఈ పోలిక సరిపోదనుకునేవారు ఇలా చూడవచ్చు: 3, −3 కలిపితే సున్నా, కనుక −2ను వాటి మొత్తంతో గుణించినా సున్నానే రావాలి, −2ను 3తో గుణిస్తే −6 వస్తుంది, అలాంటప్పుడు −2ను −3తో గుణించగా వచ్చేది 6 అయితే తప్ప మొత్తం సున్నా కాదు. ఈ రెండు వివరణలలో ఏదో ఒకటి మీ సొంత మాటల్లో ఇంకొకరికి చెప్పగలిగాకే ముందుకు కదలండి.

రెండో మెట్టు: సమాన గుర్తును కొత్తగా చదవండి

ఈ మెట్టు మీద ఎక్కువ కాలం నిలవండి. కాలిక్యులేటర్ మీద సమాన గుర్తు నొక్కగానే జవాబు వస్తుంది కాబట్టి, ఆ గుర్తుకు "ఇక జవాబు చెప్పు" అనే అర్థం మన మనస్సులో స్థిరపడిపోయింది. మూడు పుస్తకాలు ఒక్కొక్కటి నాలుగు రూపాయలు, పైన ఐదు రూపాయలు ఖర్చు అన్న లెక్కకు చాలామంది 3 × 4 = 12 + 5 = 17 అని రాస్తారు. జవాబు సరైనదే, కాని ఆ వరుస అబద్ధం చెబుతోంది, ఎందుకంటే 3 × 4, 17 సమానం కావు. అంకగణితంలో ఈ అలవాటు వల్ల పెద్ద నష్టం లేదు గాని బీజగణితంలో ఇది అడుగడుగునా దెబ్బ తీస్తుంది. 1557లో వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తును మొదటిసారి అచ్చులో వాడినప్పుడు ఒకే పొడవున్న రెండు సమాంతర రేఖలను ఎంచుకున్నది, వాటి కంటే సమానమైన వస్తువులు రెండు ఉండవన్న భావంతోనే. గుర్తుకు అటూ ఇటూ ఉన్నవి ఒకే సంఖ్యకు పెట్టిన రెండు పేర్లు.

ఇప్పుడు 3య + 5 = 20 అనే సమీకరణాన్ని తీసుకోండి. త్రాసులో రెండు పళ్ళాలు సమంగా ఉన్నాయి. ఎడమ పళ్ళెంలోంచి 5 తీస్తే కుడి పళ్ళెంలోంచి కూడా 5 తీయాలి; అప్పుడు 3య = 15 మిగులుతుంది. రెండు వైపులా 3తో భాగిస్తే య = 5. ఇదే పనిని బడిలో పక్షాంతరం అంటూ "ప్లస్ 5 అటు వెళితే మైనస్ 5 అవుతుంది" అని చెప్పారు. నిజానికి ఏదీ ఎటూ వెళ్ళలేదు. రెండు వైపులా ఒకే పని జరిగింది, ఎడమవైపు దాని ఫలితం సున్నా కావడంతో కనిపించకుండా పోయింది, అంతే. బాగ్దాద్‌లో తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని "అల్ జబ్ర్" అనే మాట నుంచే ఆల్జీబ్రా అనే పేరు వచ్చింది. తీసివేతలో ఉన్న పదాన్ని రెండు వైపులా కలిపి పూడ్చడం ఆ మాటకు అర్థం. మన పక్షాంతరంలో జరిగేది సరిగ్గా అదే అయినా, బడిలో దాన్ని పూడ్చడంగా కాకుండా దూకడంగా నేర్చుకున్నాం.

ఈ తేడా వల్ల మార్కులు ఎలా పోతాయో చూడండి. గుర్తు మారుతుందని మాత్రమే తెలిసినవారు 3య = 15 దగ్గర రెండు రకాలుగా పొరబడతారు. కొందరు 3 అటు వెళ్ళింది కనుక య = 15 − 3 అని రాస్తారు; ఇంకొందరు భాగించాలని గుర్తు తెచ్చుకుని, గుర్తు కూడా మార్చాలి కదా అని య = 15/(−3) అని రాస్తారు. రెండు వైపులా ఏ పని చేస్తున్నామో ఆలోచించినవారికి ఈ రెండు తప్పులూ రావు, ఎందుకంటే 3ను యతో గుణించి ఉంది కాబట్టి విప్పడానికి కావలసింది భాగహారమేనని స్పష్టంగా కనిపిస్తుంది.

అందుచేత మొదటి రెండు వారాలు పక్షాంతరం అనే మాటనే వాడకండి. నోటుపుస్తకంలో పేజీకి కుడివైపున రెండు అంగుళాల అంచు గీసి, ప్రతి వరుస ఎదురుగా "రెండు వైపులా 5 తీసివేశాను", "రెండు వైపులా 3తో భాగించాను" అని రాయండి. సోమరితనం వల్ల ఈ అంచును ఖాళీగా వదిలేయాలనిపిస్తుంది. నలభై, యాభై సమీకరణాలు ఇలా చేశాక ఆ మాటలు మనస్సులోనే వినిపిస్తాయి, అప్పుడు అంచు మానేయవచ్చు. రెండు వైపులా ఏ పని చేసినా చెల్లుతుందా అంటే దాదాపు అన్నీ చెల్లుతాయి. సున్నాతో భాగించడం మాత్రం నిషిద్ధం, సున్నాతో గుణిస్తే సమీకరణంలో ఉన్న సమాచారమంతా పోతుంది. అసమీకరణాలలో అదనంగా ఒక జాగ్రత్త ఉంది: 2 < 5 అన్నది నిజం, రెండు వైపులా −1తో గుణిస్తే −2 > −5 అవుతుంది, అంటే రుణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు ముఖం తిప్పుకుంటుంది.

మూడో మెట్టు: పదం ఏది, కారణాంకం ఏది

కూడికతోనో తీసివేతతోనో విడివడి ఉన్న భాగాలు పదాలు. గుణకారంతో కలిసి ఉన్నవి కారణాంకాలు. ఈ ఒక్క వాక్యం సరిగ్గా పట్టుబడితే తరువాత వచ్చే తప్పుల్లో చాలా వరకు పుట్టనే పుట్టవు. (య + 6)/6 అనే భిన్నంలో పైనా కిందా 6 కనిపించగానే చేయి దాన్ని కొట్టివేయబోతుంది. 6య/6లో 6ను కొట్టివేయవచ్చు, అక్కడ అది కారణాంకం. (య + 6)/6లో కొట్టివేయకూడదు, అక్కడ అది పదం. నమ్మకం కుదరకపోతే య బదులు 6 పెట్టి చూడండి: 12ను 6తో భాగిస్తే 2 వస్తుంది, కొట్టివేసి మిగిల్చిన య విలువ మాత్రం 6. ఆ భిన్నాన్ని య/6 + 1 అని రాయడం సరైన పద్ధతి.

ఇలా అక్షరం బదులు ఒక సంఖ్య పెట్టి రెండు వైపులూ ఒకటే వస్తున్నాయా అని చూసుకోవడం విద్యార్థి చేతిలో ఉన్న గొప్ప పరికరం, దీన్ని ఎంత తక్కువమంది వాడతారో చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది. ఒక మెలకువ మాత్రం పాటించాలి: 0, 1 పెట్టి పరీక్షించకండి, ఎందుకంటే అవి తప్పులను దాచిపెడతాయి. (య + 3)² = య² + 9 అనే ప్రసిద్ధమైన తప్పును తీసుకుని య బదులు 0 పెడితే రెండు వైపులా 9 వచ్చి తప్పు కాస్తా ఒప్పులా నిలబడుతుంది. 2 పెడితే ఎడమవైపు 25, కుడివైపు 13 వచ్చి బండారం బయటపడుతుంది.

ఆ తప్పు ఎందుకు తప్పో చూడాలంటే ఒక చదరపు చేనును ఊహించుకోండి. ప్రతి భుజం య మీటర్లు. తూర్పు గట్టునూ దక్షిణపు గట్టునూ మూడేసి మీటర్లు జరిపితే కొత్త చేను భుజం య + 3 అవుతుంది. పాత చేను వైశాల్యం య². తూర్పున 3య వైశాల్యం గల పట్టీ, దక్షిణాన మరొక 3య పట్టీ, మూలన 9 చదరపు మీటర్ల చిన్న ముక్క కొత్తగా చేరాయి. మొత్తం య² + 6య + 9. కేవలం య² + 9 అని రాసినవారు మూల ముక్కను ఉంచుకుని, రెండు పట్టీల భూమిని వదులుకున్నారు. విభాగ న్యాయాన్ని, అంటే కుండలీకరణం బయట ఉన్నదానితో లోపలి ప్రతి పదాన్నీ గుణించాలన్న నియమాన్ని, సూత్రంగా చదివే ముందు ఈ బొమ్మను పది సార్లు వేర్వేరు సంఖ్యలతో గీయండి. అలాగే −(య − 4) అన్నచోట ముందున్న రుణ గుర్తును −1గా చదివి లోపలి రెండు పదాలనూ గుణిస్తే −య + 4 వస్తుంది. −య − 4 అని రాసేవారు విభాగ న్యాయాన్ని మొదటి పదం దగ్గరే ఆపేశారన్నమాట.

కారణాంక విభజన ఈ గుణకారాన్ని వెనక్కి నడపడమే కాబట్టి దానికి వేరే భయం అక్కరలేదు. య² + 7య + 12 కనిపిస్తే గుణిస్తే 12, కూడితే 7 వచ్చే రెండు సంఖ్యలు వెతుకుతాం. 3, 4 దొరుకుతాయి. (య + 3)(య + 4) అని రాసి, వెంటనే గుణించి మొదటి బహుపది తిరిగి వచ్చిందో లేదో చూసుకుంటాం. ఇక్కడ కావలసింది సాధన మాత్రమే, రోజుకు పదేసి చొప్పున రెండు వారాలు.

నాలుగో మెట్టు: సాధన చేసే తీరు మార్చండి

చేసి చూపించిన లెక్కను చదివి "అర్థమైంది" అనుకోవడం ఒక ప్రమాదం. చేసి చూపించిన లెక్కను అసలు చదవకుండా నేరుగా అభ్యాసంలో పడి గంటల తరబడి కొట్టుకోవడం ఇంకొక ప్రమాదం. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ బీజగణితం నేర్చుకునేవారి మీద ప్రయోగాలు చేసి 1985లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒక సాధించిన ఉదాహరణ చదివి వెంటనే అలాంటిదే ఒకటి సొంతంగా చేసినవారు, అన్ని లెక్కలనూ మొదటి నుంచి సొంతంగానే చేసినవారి కంటే, అదే తరహా లెక్కలను తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేయగలిగారు. మీరు దీన్ని ఇలా అమలు చేయవచ్చు: ఉదాహరణలో మొదటి వరుస చూసి, మిగతాదాన్ని కాగితంతో మూసి, రెండో వరుస ఏమై ఉంటుందో రాయండి, కాగితం ఒక వరుస కిందికి జరిపి పోల్చుకోండి, పుస్తకం మీకన్నా రెండు అడుగులు ఒకేసారి వేసి ఉంటే మధ్య అడుగును మీరే పూరించండి. తరువాత పుస్తకం మూసి మొత్తం లెక్కను ఖాళీ కాగితం మీద చేయండి.

ఒకే రకం లెక్కలు ముప్పై వరుసగా చేయడం వల్ల చేయి తిరుగుతుంది గాని, ఏ లెక్కకు ఏ పద్ధతి వాడాలో ఎంచుకునే శక్తి రాదు. పరీక్షలో అధ్యాయం పేరు లెక్క పైన రాసి ఉండదు. కాబట్టి ప్రతి రోజూ కొత్త అధ్యాయం నుంచి ఆరు, పాత అధ్యాయాలన్నిటి నుంచి చీటీలు తీసినట్టు నాలుగు లెక్కలు చేయండి.

వీటితో పాటు తప్పుల కోసం ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. నేనేమి రాశాను, ఏమి రాయవలసింది, ఏ నియమాన్ని మరిచాను అన్న మూడు సంగతులు చాలు. "అజాగ్రత్త వల్ల తప్పు" అనే మాటను మాత్రం ఆ పుస్తకంలోకి రానివ్వకండి. అది కారణం చెప్పదు, కారణాన్ని కప్పిపుచ్చుతుంది. నెల రోజులు గడిచాక ఆ పుస్తకం తిరగేస్తే మీ తప్పులు యాభై రకాలు కావనీ, మూడు నాలుగు రకాలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయనీ తెలుస్తుంది. ఫోన్‌లో ఫొటో తీస్తే లెక్క చేసిపెట్టే ఫొటోమ్యాథ్ వంటి యాప్‌లను పూర్తిగా కాదనను. మీ జవాబు కాగితం మీద పడ్డాక, ఎక్కడ దారి తప్పామో చూసుకోవడానికి అవి పనికివస్తాయి. కాగితం మీద ఏమీ పడకముందే తెరిస్తే ఆ గంట వృథా.

ఐదో మెట్టు: మాటల లెక్కలను తెలుగులో ఆలోచించండి

ఈ మెట్టులో తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. ప్రశ్నపత్రంలో ఇంగ్లీషులో "సెవెన్ లెస్ దాన్ ఏ నంబర్" అని ఉంటే, మాటలు వచ్చిన వరుసలోనే రాసేవారు 7 − య అని రాస్తారు, అది తప్పు. అదే వాక్యాన్ని తెలుగులో అనుకోండి: "ఒక సంఖ్య కంటే 7 తక్కువ." సంఖ్య ముందు, 7 తరువాత, మాటల వరుసలోనే య − 7 సరిగ్గా వస్తుంది. "ఒక సంఖ్య రెట్టింపు కంటే 3 ఎక్కువ" అన్నా అంతే: 2య + 3. ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నా సరే, లెక్కను ఒకసారి తెలుగులో నోటితో చెప్పుకుని ఆ తరువాత సమీకరణం రాయండి.

అయితే తెలుగు కూడా ఒక్కోసారి మోసగించగలదు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్యులకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయండి అన్న చిన్న ప్రశ్నను 1980ల ఆరంభంలో అక్కడి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇస్తే, మూడో వంతుకు పైగా తప్పు రాశారు. విద్యార్థుల సంఖ్యను వ అనీ, ఆచార్యుల సంఖ్యను అ అనీ అనుకుంటే వ = 6అ రాయాలి; వారిలో ఎక్కువమంది 6వ = అ అని రాశారు. "విద్యార్థుల సంఖ్య ఆచార్యుల సంఖ్యకు ఆరు రెట్లు" అనుకుంటే మనకు సరైన సమీకరణం వస్తుంది, "ఒక ఆచార్యుడికి ఆరుగురు విద్యార్థులు" అనుకుంటే మనం కూడా ఆ గోతిలోనే పడతాం. అక్షరం మనిషిని సూచించదు, మనుషుల సంఖ్యను సూచిస్తుంది. అందుకే లెక్క మొదలుపెట్టగానే "య అంటే టికెట్టు" అని కాకుండా "య అంటే పెద్దల టికెట్ల సంఖ్య" అని పూర్తి వాక్యం రాయడాన్ని నియమంగా పెట్టుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బస్సులో 42 మంది ప్రయాణికులున్నారు. పెద్దలకు టికెట్టు 60 రూపాయలు, పిల్లలకు 30 రూపాయలు. మొత్తం వసూలు 2,160 రూపాయలు. పెద్దల సంఖ్య య అయితే పిల్లల సంఖ్య 42 − య. డబ్బు లెక్క 60య + 30(42 − య) = 2160. విప్పితే 60య + 1260 − 30య = 2160, అంటే 30య = 900, య = 30. పెద్దలు 30 మంది, పిల్లలు 12 మంది. ఇక్కడ ఆగకుండా జవాబును సమీకరణంలో కాక, కథలో పెట్టి చూడండి: 1,800, 360 కలిపితే 2,160, సరిపోయింది. సమీకరణాన్నే తప్పుగా రాసి ఉంటే జవాబు ఆ తప్పు సమీకరణంలో చక్కగా ఇమిడిపోతుంది, కథలో మాత్రం ఇమడదు.

వాణిజ్య విద్యార్థులకు మరొకటి. 18 శాతం జీఎస్టీ కలుపుకుని ఒక వస్తువు 2,360 రూపాయలైతే అసలు ధర ఎంత? చాలామంది 2,360లో 18 శాతం, అంటే 424 రూపాయల 80 పైసలు తీసివేస్తారు. పన్ను వేసింది అసలు ధర మీద కాని మొత్తం మీద కాదు. అసలు ధర య అనుకుంటే 1.18య = 2360, య = 2000.

రెండు తెలియని రాశులున్న సమీకరణాల జంటలకు ప్రతిక్షేపణ పద్ధతి, తొలగింపు పద్ధతి రెండూ పుస్తకంలో వివరంగానే ఉంటాయి. గ్రాఫుల విషయంలో కూడా క = 2య + 3 వంటి రేఖలను చేత్తో ఇరవై గీసి, య ఒకటి పెరిగినప్పుడల్లా క రెండు పెరగడాన్ని కళ్ళతో చూస్తే వాలు అనే మాటకు వేరే నిర్వచనం అక్కరలేదు. అవి గీశాకే జియోజీబ్రా వంటి ఉచిత సాధనాల దగ్గరికి వెళ్ళండి.

ఆరో మెట్టు: వర్గ సమీకరణాలు

ఇక్కడికి వచ్చేసరికి సూత్రాన్ని బట్టీ పట్టి అన్నిటికీ వాడాలనిపిస్తుంది. దానికి ముందు రెండు విషయాలు స్థిరపడాలి. మొదటిది, రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో కనీసం ఒకటి సున్నా కావాలి. కారణాంక పద్ధతికి ఆధారం ఇదే, అందుకే కుడివైపు సున్నా తెచ్చుకున్నాకే కారణాంకాలు తీయాలి. (య − 2)(య − 3) = 6 అని ఉంటే య − 2 = 6 అని రాయడానికి ఏ నియమమూ ఒప్పుకోదు. రెండోది, య² = 5య అని ఉన్నప్పుడు రెండు వైపులా యతో భాగించి య = 5 అని తేల్చేస్తే ఒక మూలం పోతుంది; య విలువ సున్నా కావచ్చు, సున్నాతో భాగించకూడదని రెండో మెట్టులోనే అనుకున్నాం. అంతా ఎడమవైపుకు తెచ్చి య(య − 5) = 0 అని రాస్తే 0, 5 రెండూ దొరుకుతాయి.

కారణాంకాలు తేలిగ్గా దొరకనప్పుడు వర్గాన్ని పూర్తి చేసే పద్ధతి ఉంది. పుస్తకాలలో దీన్ని మొదటే య² గుణకంతో, అంటే య² ముందున్న సంఖ్యతో, భాగించి, సగం చేసి, భిన్నాల అడవిలోకి తీసుకెళ్ళి చూపిస్తారు. మన ప్రాచీన గణితజ్ఞుడు శ్రీధరాచార్యుడి పద్ధతి ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది. ఆయన నియమాన్ని భాస్కరాచార్యుడు తన "బీజగణితం" అనే గ్రంథంలో ఉదాహరించడం వల్ల అది మనకు దక్కింది. య² గుణకానికి నాలుగు రెట్లతో సమీకరణమంతటినీ గుణించాలి, తరువాత య గుణకం వర్గాన్ని రెండు వైపులా కలపాలి.

2య² + 7య + 3 = 0 తీసుకోండి. 4 × 2 = 8తో గుణిస్తే 16య² + 56య + 24 = 0. రెండు వైపులా 24 తీసివేస్తే 16య² + 56య = −24. రెండు వైపులా 7 వర్గం 49 కలిపితే 16య² + 56య + 49 = 25. ఎడమవైపు ఉన్నది (4య + 7)². అంటే 4య + 7 విలువ 5 గాని −5 గాని కావాలి. మొదటి దాని నుంచి య = −1/2, రెండో దాని నుంచి య = −3. ఎక్కడా భిన్నం అడ్డు రాలేదు. ఈ 25నే విచక్షణి అంటాం. అది ధన సంఖ్య అయితే రెండు వేర్వేరు వాస్తవ మూలాలు, సున్నా అయితే రెండూ ఒకటే, రుణ సంఖ్య అయితే వాస్తవ మూలాలు లేవు, ఎందుకంటే ఏ వాస్తవ సంఖ్య వర్గమూ రుణం కాదు. అంకెల బదులు అక్షరాలు పెట్టి ఇదే పనిని ఒకసారి మీ చేత్తో చేస్తే పరీక్షలో వాడే సూత్రం దానంతటదే బయటికి వస్తుంది, మరచిపోయినా మళ్ళీ రాబట్టుకోగలరు.

వర్గమూలం ఉన్న సమీకరణాలలో సరిచూసుకోవడం ఐచ్ఛికం కాదు, లెక్కలో భాగమే. √(య + 6) = య అని ఉంటే రెండు వైపులా వర్గం చేస్తాం: య + 6 = య², అంటే య² − య − 6 = 0, మూలాలు 3, −2. 3 పెడితే √9 = 3, నిజమే. −2 పెడితే √4 విలువ 2, కుడివైపు −2, సరిపోలేదు. తప్పు మనం చేయలేదు, వర్గం చేసేటప్పుడు 2, −2 అనే రెండు వేర్వేరు సంఖ్యలు 4 అనే ఒకే సంఖ్యగా కలిసిపోవడం వల్ల ఈ అదనపు మూలం వచ్చి చేరింది. జవాబుగా 3 ఒక్కటే రాసి, −2ను ఎందుకు వదిలేశారో ఒక వాక్యంలో చెప్పండి.

పరీక్ష గదిలో మూడు గంటలుంటే చివరి ఇరవై నిమిషాలను ఈ సరిచూసే పనికే కేటాయించుకోండి. అప్పుడు లెక్కను మొదటి నుంచి మళ్ళీ చదవకండి. మొదటిసారి జారిన చోటే కన్ను రెండోసారి కూడా జారుతుంది. జవాబును తీసుకుని అసలు ప్రశ్నలో పెట్టండి. సరిపోకపోతే వరుసలన్నిటినీ తిరగేయకుండా, సుమారు సగం దగ్గర ఉన్న వరుసలో అదే విలువ పెట్టి చూడండి. అక్కడ సరిపోతే తప్పు పై సగంలో ఉంది, సరిపోకపోతే కింది సగంలో ఉంది. ఇలా రెండు మూడుసార్లు సగం చేసుకుంటూ వెళితే పన్నెండు వరుసల లెక్కలో కూడా గుర్తు ఎక్కడ మారిందో దొరికిపోతుంది.